తెలిసిన లోపాలు పదకొండు, తెలియనిది ఒకటి

ఒక పెద్ద అడవిలో తిండి సంపాదన పొద్దున్నే అయిపోయేది. మిగిలిన రోజంతా ఏం చేయాలో ఎవరికీ తోచేది కాదు. తోచకపోతే కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు కదా? పడుకోలేదు. ఒక ఆట కనిపెట్టారు. కనిపెట్టినదాన్ని ఊరికే ఆడుకోవచ్చు కదా? ఆడుకోలేదు. దానికొక ఆఫీసు పెట్టారు.

ఆట పేరు ఏడుమెట్లు. కొండవాలు మీద కిందనుంచి పైదాకా ఏడు మెట్లుండేవి. మొదటిది బురద మడుగు, పడకుండా దాటాలి. రెండోది ఆ మడుగు అంచునే వేలాడే తీగ ఊయల. మూడోది బోలు దుంగ, ఇటు దూరి అటు తేలాలి. అలా ఒక్కోటీ దాటుకుంటూ వెళ్ళి, ఆరో మెట్టు మీది బండ ఎక్కి, ఏడో మెట్టు దగ్గర వేలాడే కంచు గంట కొట్టాలి. ఆ గంట ఎప్పుడో దారి తప్పి అడవిలోకొచ్చిన ఆవు మెడలోంచి జారిపడింది. దాన్ని కొట్టినవాళ్ళు మాత్రం అడవిలో ఒక్కరూ లేరు. అందరూ మూడో మెట్టు దగ్గరే విసుగొచ్చి, ఆటను నాలుగు తిట్లు తిట్టి ఇంటికి పోయేవారు. మర్నాడు మళ్ళీ అందరికంటే ముందొచ్చి నిలబడేవారు.

ఆరు నెలలకొకసారి ఆఫీసు ఆటను మార్చేది. దాన్ని ‘కొత్త కూర్పు’ అనేవారు. ఎందుకు మార్చాలని ఎవరూ అడగలేదు. మార్చకపోతే ఆఫీసు ఎందుకని అడుగుతారేమోనని ఆఫీసే ముందు భయపడింది.

ప్రతి కూర్పునూ ముందుగా ఆడి చూసి, లోపాలు పట్టే ఉద్యోగం పట్టమ్మది. పట్టమ్మ ఉడుము. అడ్డంగా నాలుగు జానలు, నిలువుగా చెప్పుకోదగ్గది ఏమీ లేదు. నోరు మాత్రం నిలువుకి రెండింతలు. ఒక లోపం పట్టుకుందంటే దాన్ని పట్టుకున్నచోటే ఉండిపోయేది, పక్కకి చూసేది కాదు. ఆ గుణాన్ని ఆఫీసులో మెచ్చుకునేవాళ్ళు లేరు. భరించేవాళ్ళు ఉన్నారు.

ఆట వాకిట్లో ఒక మద్దిచెట్టు ఉంది. దాని బెరడు మీద పట్టమ్మ గోరు గుర్తు పడితే తప్ప కొత్త కూర్పుకి వాకిలి తెరవకూడదని రూలు. ఆమె తల్లి గోరు గుర్తులూ ఆ చెట్టు మీదే ఉన్నాయి, బెరడు కప్పేసినా తడిమితే తగులుతాయి. ఈ గుర్తు చూసి అడివంతా నమ్మకంగా లోపలికి అడుగుపెట్టేది. పట్టమ్మకి ఉన్న ఆస్తి అదొక్కటే.

ఇక ఆఫీసుకి పెద్ద పింఛారావు. నెమలి. ఆయన పని తేదీ చెప్పడం. ఆకాశంలో మబ్బు ముక్క కనిపిస్తే చాలు, ఆయనకి ఒళ్ళు తెలియదు. విప్పి, ఊపి, గుండ్రంగా తిరిగి, అడివంతా చూస్తుండగా ఏదో ఒక తేదీ ప్రకటించేస్తాడు. నెమలి ఆడుతూ చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం ఆ అడవిలో ఆచారం లేదు. అంత అందంగా చెప్పినదాన్ని ఏ మొహం పెట్టుకుని కాదంటారు?

ఆ ఏడు కూడా అలాగే మబ్బు కనిపించింది, ఆయన ఆడాడు. "తొలకరి రోజున కొత్త కూర్పు!" అని కేక పెట్టాడు. అడివంతా ఈలలు వేసింది.

తొలకరికి నాలుగు రోజులుందనగా పట్టమ్మ ఒక టేకాకు పట్టుకుని మీటింగుకి వెళ్ళింది. ఆకు నిండా గోళ్ళతో గీసిన గీతలు.

"ఏమిటివి?" అన్నాడు పింఛారావు.

"లోపాలు సార్. పదకొండు."

"పదకొండా? పట్టమ్మగారూ, మీరు లోపాలు పడుతున్నారా, పెంచుతున్నారా?"

"పెంచేవాళ్ళు వేరే ఉన్నారు సార్. మీ పక్కనే కూర్చుని జామకాయ కొరుకుతున్నారు."

పక్కన కూర్చున్నది కొమ్మయ్య. కోతి. ఆట కట్టేవాడు. తీగ ముడి వేయాలన్నా, దుంగ దొర్లించాలన్నా అతనే. చెయ్యి మంచిదే, పని మధ్యలో పండు కనిపించనంతవరకూ.

"నా కొమ్మ మీద బాగానే నడిచిందక్కా," అన్నాడు కొమ్మయ్య.

"నీ కొమ్మ మీద అడివంతా వచ్చి ఆడుతుందిరా?"

"అలా అంటే ఎలాగక్కా."

"ఎలాగో చెబుతా విను. రెండో మెట్టులో కొత్త తీగ వేశావు. తడి తోక తగిలిందంటే చుట్టేసుకుంటుంది. తోక ఆరేదాకా వదలదు. మనిషి తలకిందులు!"

"మనిషి ఎవరండీ ఇక్కడ?" అన్నాడు పింఛారావు.

"మాటవరసకి అన్నాను సార్. జంతువు తలకిందులు."

"అసలు తోకలు ఎందుకు తడుస్తాయి?"

"మీరు తొలకరి రోజు అన్నారు కాబట్టి తడుస్తాయి సార్. తొలకరంటే వాన. ఒరే కొమ్మయ్యా, నువ్వెప్పుడు ఆడి చూశావు దాన్ని?"

కొమ్మయ్య జామకాయ గింజ ఒకటి పంట్లోంచి తీసుకుంటూ, "మొన్న ఎండల్లో," అన్నాడు.

పింఛారావు గొంతు సవరించుకున్నాడు. "వచ్చే కూర్పులో చూద్దాం."

మూలన కూర్చుని మీటింగు రాసుకుంటున్న చిలక, "చూద్దాం," అని పైకి చదివింది. ఆ చిలకకి ఎంత పెద్ద మాటలోనైనా చివరి ముక్కే గుర్తుంటుంది. అందుకే ఆ ఆఫీసు రికార్డుల నిండా చూద్దాములే.

ఒకటి చూద్దాం అయ్యింది. రెండోది చూద్దాం అయ్యింది. బోలు దుంగలో దూరిన అడవిపంది అడ్డం తిరిగి ఇరుక్కోవడం కూడా చూద్దాంలోకే పోయింది. పదకొండోదాన్ని పట్టమ్మ కావాలనే చివరికి దాచింది.

"ఆరో మెట్టు మీద పాత పలక రాయి తీసేసి, ఎర్రగా గుండ్రంగా మెరిసే బండ పెట్టాడు సార్ వీడు. చూడ్డానికి బాగుంది. కాదనను. కానీ ఒక నేరేడు పండు తిని గింజ ఊసేంత సేపటికంటే ఎక్కువసేపు దానిమీద ఉంటే బోల్తా పడుతుంది. పైనున్నవాళ్ళు దొర్లుకుంటూ వచ్చి బురద మడుగులో పడతారు. మళ్ళీ మొదటి మెట్టే గతి. నలభై ఒక్కసార్లు ఎక్కాను, నలభై ఒక్కసార్లూ పడ్డాను."

"అంతసేపు ఎవరుంటారు దానిమీద?"

"డిప్పయ్య తాత."

డిప్పయ్య తాబేలు. మూడేళ్ళ కిందట ఆట మొదలుపెట్టాడు, ఇంకా అదే ఆట ఆడుతున్నాడు. బురద మడుగు దాటడానికి ఒక వానాకాలం, ఊయల దాటడానికి ఒక చలికాలం పట్టింది. దుంగలో దూరితే ఆర్నెల్లు కనపడలేదు, పోయాడనుకుని ఉడతలు ఏడ్చాయి కూడా. ఆటగాళ్ళలో మూడో మెట్టు దాటినవాడు అడవిలో అతనొక్కడే. పుట్టినప్పటినుంచీ ఎదురుపడిన ప్రతివాడూ "ఇంకా ఇక్కడే ఉన్నావా తాతా?" అని అడిగి వెళ్ళిపోయేవాడు. తను ఎక్కడికైనా చేరుకున్నానని ఒక్కసారి అడివంతా చెవులతో వినాలి. అదీ డిప్పయ్య కోరిక. ఇప్పుడతను అయిదో మెట్టు చివర ఉన్నాడు. తొలకరి నాటికి ఆరో మెట్టు మీద కాలు పెడతాడు.

"ఒక్కడా!" అన్నాడు పింఛారావు, బరువు దిగినట్టు. "ఒక్క తాబేలు కోసం అడివంతా ఆగాలా?"

"ఆరో మెట్టుదాకా వచ్చినవాళ్ళలో నూటికి నూరుమందీ పడిపోతారు సార్."

"నూటికి నూరంటే ఎంతమంది?"

"ఒక్కరు."

"మరి ఒక్కరే అనండి. నూరు అనేసరికి గుండె ఆగినంత పనైంది."

"రెండు గులకరాళ్ళు సార్! బండ కింద ఇటొకటి అటొకటి దూరిస్తే చాలు, కదలదు."

"అంత తేలిక కాదక్కా," అన్నాడు కొమ్మయ్య. "గులకరాళ్ళు అన్నావు. ఏ సైజు? ఏ వాగులోవి? రేపు ఏనుగు ఎక్కితే? దీనికి రెండు నెలలు కావాలి."

"ఏనుగు మూడో మెట్టు దుంగలో ఎలా దూరుతుందిరా?"

"అది ఇంకో లోపం. దానికి వేరే ఆకు రాయాలి."

పింఛారావుకి ఒక ఆలోచన వచ్చింది. "పట్టమ్మగారూ, ఈ పదకొండూ ఎవరికి తెలుసు?"

"నాకు."

"అంటే మీరు ఒక నెల సెలవు మీద వెళ్ళారనుకోండి, తెలిసిన లోపాలు సున్నా!"

"నేను పోతే లోపాలు పోతాయా సార్?"

"లోపాలు పోతాయని నేననలేదు. తెలియడం పోతుందన్నాను."

"పోనివ్వను. మీరు నన్ను తోసినా నేను పోను. నా గోరు గుర్తు లేకుండా వాకిలి తెరవరు."

దీనికీ పింఛారావు దగ్గర ఉపాయం ఉంది. వాకిట్లో నేల మీద ఒక ఆకు పరిచి, అందులో పదకొండు లోపాలూ రాసిపెడతారు. ఆకు మీద కొంచెం బురద మెత్తుతారు. లోపలికి వెళ్ళేవాళ్ళు దానిమీద అడుగు ముద్ర వేయాలి. వేస్తే, అన్నీ చదివి ఒప్పుకున్నట్టు.

"బురద మెత్తితే అక్షరాలు ఎలా కనిపిస్తాయి సార్?"

"బురద లేకపోతే ముద్ర ఎలా పడుతుంది?"

పట్టమ్మకి ఒళ్ళు మండింది. మండినప్పుడు ఆమె బుర్ర ఇంకా బాగా పనిచేస్తుందని ఆమె నమ్మకం. ఆ రోజు ఆ నమ్మకమే కొంప ముంచింది.

"సరే సార్. గుర్తు వేస్తాను. ఒక షరతు. సవరించకుండా వదిలేసిన ప్రతి లోపానికీ వదిలేసినవాళ్ళ పేరు పెట్టాలి. అక్కడే చెక్క మీద చెక్కి వేలాడదీయాలి. ఎవడు తలకిందులైనా, ఎవరివల్ల అయ్యాడో తెలియాలి."

సిగ్గుతో చచ్చిపోతారని ఆమె లెక్క. పేరు పెడతామంటే ఈ రాత్రికి రాత్రే పరిగెత్తుకెళ్ళి అన్నీ సవరించేస్తారని.

పింఛారావు మెడ నిటారుగా లేచింది. "పేరంటే... ఆటలోనా? అందరికీ కనపడేలాగానా?"

"అందరికీ."

"పెద్ద అక్షరాలతోనా?"

"మీ ఇష్టం."

"ఆ ఊయలని నేనే వదిలేశాను. రాసుకో చిలకా. పింఛారావు ఊయల."

"దుంగ నాది!" అన్నాడు కొమ్మయ్య, జామకాయ కింద పడేసి.

పట్టమ్మ తన టేకాకు మీది చివరి గీత చూపించింది. "ఆరో మెట్టు బండ ఎవరిది?"

పింఛారావు ఎంతో ఉదారంగా తల ఊపాడు. "అది మాత్రం మీ పేరే. కనిపెట్టింది మీరేగా. ఇంకొకరి కష్టం కొట్టేసే అలవాటు నాకు లేదు."

"ఇంకొకరి కష్టం కొట్టేసే అలవాటు నాకు లేదు," అంది చిలక. ఆ ఒక్కసారీ దానికి వాక్యం మొత్తం గుర్తుంది.

పట్టమ్మ అయినా గుర్తు వేసింది. నాలుగు రోజులున్నాయి కదా, ఈలోపు సిగ్గు పనిచేస్తుందిలే అనుకుంది. మద్దిచెట్టు ఎక్కి, తల్లి గీతల పక్కనే, అయిదు గోళ్ళూ దించి గీసింది. దిగాక చెట్టువైపు చూడబుద్ధి కాలేదు.

నాలుగు రోజులూ కొమ్మయ్య పని మానలేదు. అది ఒప్పుకోవాలి. పొద్దున లేస్తే చెక్కుడే. దుంగ పక్కన వేలాడే చెక్క మీద ‘కొమ్మయ్య దుంగ’ అని చెక్కి, చిన్నదైందని చెరిపి, పెద్దగా చెక్కి, పక్కన ఒక కోతి బొమ్మ కూడా వేశాడు. దుంగని మాత్రం ముట్టుకోలేదు.

తొలకరి పడింది. వాకిలి తెరిచారు. అడివంతా బురద మీద అడుగులు వేసి, ఏమీ చదవకుండా అన్నిటికీ ఒప్పుకుని లోపలికి పరిగెత్తింది.

ముందుగా ఊయల ఎక్కింది ఒక ముంగిస. తడి తోక, కొత్త తీగ. చుట్టుకుంది. ముంగిస తలకిందులై గాల్లో ఊగుతూ కెవ్వుమంది. పట్టమ్మ కళ్ళు మూసుకుంది. ఇక తిట్లు మొదలవుతాయి, పింఛారావు మొహం చెల్లక పొదల్లో దాక్కుంటాడు అనుకుంది.

"మళ్ళీ!" అంది ముంగిస, వాన వెలిసి, తోక ఆరి, తీగ వదలగానే.

గంటలో ఊయల దగ్గర వరస మొదటి మలుపు దాటింది. తోక తడవనివాళ్ళు కావాలని మడుగులో ముంచుకొచ్చారు. పింఛారావు ఊయలలో ఎంతసేపు తలకిందులుగా ఉన్నావన్నదే ఆ పూటకి గొప్ప. కుందేళ్ళకి తోక చిన్నది కదా, తీగకి అందలేదు. వాటికి అవమానమైపోయింది. "తోక చిన్నదైతే మేం జంతువులం కాదా? మమ్మల్నీ పట్టుకోవాలి!" అని ఆఫీసు ముందు బైఠాయించాయి. దుంగలో ఇరుక్కున్న అడవిపంది బయటికి రాగానే బంధువులందరికీ కబురు పెట్టింది.

ఆఫీసులో ఇంకో గొడవ. నీళ్ళు పట్టే ఎలుగుబంటి, వాకిలి ఊడ్చే నక్క, మీటింగు రాసే చిలక ముగ్గురూ పట్టమ్మని చుట్టేశారు. "మా పేర ఒక్క లోపమూ లేదు. చిన్నదైనా సరే, ఒకటి కనిపెట్టి పెట్టవమ్మా."

"సిగ్గు లేదూ?"

"ఉంది. అందుకేగా అడుగుతున్నాం. ఇంట్లో మొహం చూపించుకోలేకపోతున్నాం."

అప్పుడు గుర్తొచ్చింది పట్టమ్మకి, డిప్పయ్య. అందర్నీ తోసుకుని పైకి పరిగెత్తింది.

డిప్పయ్య ముందుకాలు గాల్లో ఉంది. ఎర్ర బండకి ఒక జాన పైన. మెల్లగా దిగుతోంది.

"తాతా, ఆగు! కాలు పెట్టొద్దు. ఆ బండ బోల్తా పడుతుంది."

"ఎవరు చెప్పారమ్మాయ్?"

"నేనే. నేనే కనిపెట్టాను."

"కనిపెట్టి ఏం చేశావు?"

పట్టమ్మ నోరు మొదటిసారి నిలువుకంటే చిన్నదైంది. "పేరు పెట్టాం తాతా."

"ఏం పేరు?"

"నా పేరే."

డిప్పయ్య మెడ ఇంకొంచెం బయటికి చాచి ఆమెవైపు చూశాడు. అతను చూడ్డం మొదలుపెట్టి ముగించేసరికి పట్టమ్మకి చెమటలు పోశాయి. "గుర్తు కూడా నువ్వే వేశావు కదూ, చెట్టు మీద? ఇక్కణ్ణుంచి అది చూసే కాలెత్తాను పొద్దున."

"వెనక్కి తీసుకో తాతా కాలు."

"ఎత్తిన కాలు వెనక్కి తీసుకోవాలంటే ఇంకో పూట పడుతుంది. నాకంత ఓపిక లేదమ్మాయ్. మూడేళ్ళు ముందుకేగా నడిచాను, వెనక్కి ఎలా వెయ్యాలో మర్చిపోయాను."

కాలు దిగుతోంది. ఇక మాటలతో అయ్యేది కాదు. పట్టమ్మ బండ కిందికి దూరింది. వెనక్కాళ్ళు మట్టిలో దించి, ముందరి గోళ్ళు బండ అడుగున బిగించి పట్టుకుంది. ఒక నేరేడు పండు సేపు గడిచింది. బండ ఒక్కసారి ఊగబోయి, ఆగింది.

ఆ బండ ఇటునుంచి అటు దాటడానికి డిప్పయ్యకి మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ పట్టమ్మ వదల్లేదు.

రెండో రోజు కొమ్మయ్య వచ్చి వంగి చూశాడు. "అక్కా, నిజంగానే పట్టుకున్నావా!"

"లేదురా, బండకి నడుము నొప్పిగా ఉందంటే పిసుకుతున్నాను. రెండు గులకరాళ్ళు తే!"

"ఫైలు పెట్టానక్కా."

"ఫైలు వద్దు, రాళ్ళు!"

"ఫైలు కదిలితేగా రాళ్ళు కదిలేది," అని, జాలేసి ఆమె నోట్లో ఒక నేరేడు పండు పెట్టి వెళ్ళాడు. అదే రోజు చిలక అడివంతా ఎగురుతూ చాటింది: పదకొండో లోపం సవరించడమైనది, ఆరో మెట్టు నుంచి ఎవరూ పడుటలేదు. పింఛారావు కారణం అడగలేదు. మంచి వార్తకి కారణం అడిగే అలవాటు ఆయనకి లేదు.

మూడో రోజు మధ్యాహ్నం డిప్పయ్య ఏడో మెట్టు ఎక్కాడని ఉడతలు చెప్పగానే అడివంతా కొండకింద పోగైంది. సన్నగా వాన. పింఛారావు కూడా ఒక టేకాకు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. కొత్త కూర్పులో మొదటిసారి గంట మోగబోతోంది, ఆ పక్కన తను లేకపోతే ఎలా?

డిప్పయ్య మెడ చాచి, గంట తాడు నోట కరిచి లాగాడు.

చప్పుడు లేదు.

మళ్ళీ లాగాడు. గంట ఊగింది. మోగలేదు. ఆ గంటకి లోపల నాలుక లేదు. ఆవు మెడలో ఉండగానే ఎక్కడో రాలిపోయింది.

"ఒరే కొమ్మయ్యా!" అని బండ కిందనుంచి కేక వినపడింది.

"నా కొమ్మ మీద బాగానే మోగిందక్కా," అన్నాడు కొమ్మయ్య. తర్వాత కొంచెం నెమ్మదిగా, "టంగు అని నేనే నోటితో అన్నాననుకుంటా," అన్నాడు.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. పింఛారావు గబగబా పక్క దారినుంచి పైకెక్కి, ఎర్ర బండ మీద నిలబడ్డాడు. "మిత్రులారా, కంగారు పడకండి. మౌనంగా ఉండే గంట, అదే ఈ కూర్పులో అసలు ప్రత్యేకత! చెవులకి హాయి..."

"అబద్ధం," అంది బండ.

అందరూ ఉలిక్కిపడ్డారు. బండ కిందనుంచి ఒక మట్టి కొట్టుకుపోయిన తల బయటికొచ్చింది.

"అది లోపం. పన్నెండోది. నేను పట్టుకోలేదు. ఆరో మెట్టు నలభై ఒక్కసార్లు ఆడి చూశాను, ఏడో మెట్టు ఒక్కసారీ చూడలేదు. దీన్నే పట్టుకుని వేలాడాను. చూడకుండానే చెట్టు మీద గుర్తు వేశాను. తప్పు నాది. డిప్పయ్య తాతా, తప్పు నాది."

‘తప్పు నాది’ అన్న మాట ఆ కొండ మీద అంతకుముందు ఎవరూ వినలేదు. దానికి చప్పట్లు కొట్టాలో, తిట్టాలో ఎవరికీ తెలియలేదు. చిలక కూడా రాసుకోలేదు, స్పెల్లింగు తెలియక.

డిప్పయ్య మాత్రం గంటవైపే చూస్తున్నాడు. చూసి చూసి, "మూడేళ్ళు," అన్నాడు. తల లోపలికి లాక్కున్నాడు. కాళ్ళు కూడా లాక్కున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నారు. డిప్ప ఒక్కసారి ముందుకి ఒరిగి, తడి రాతి మీద గిర్రున జారి, వెళ్ళి గంటకి కొట్టుకుంది.

ఠంగ్‌మంది.

కొండ అవతలి వాగులో పడుకున్న దున్నలు లేచి నిలబడ్డాయి. చెట్ల మీంచి కాకులు లేచాయి. అడివంతా ఒక్కసారి అరిచింది. డిప్పలోంచి తల బయటపెట్టి డిప్పయ్య, "ఎవరైనా ఇంకా ఇక్కడే ఉన్నావా అని అడగండిరా ఇప్పుడు!" అన్నాడు.

పింఛారావు క్షణం ఆలస్యం చేయలేదు. బండ మీదే పింఛం విప్పాడు. "చూశారా! డిప్పతో మోగే గంట! ఇదంతా మా ముందుచూపు. ఈ సందర్భంగా ముందుగా నాకు నేను..."

"సార్," అంది పట్టమ్మ కిందనుంచి. "తాత దాటేశాడు. నేను వదిలేస్తున్నాను. దిగండి."

"ప్రశ్నలు చివర్లో," అన్నాడు పింఛారావు. "...ముందుగా నాకు నేను కృతజ్ఞతలు చెప్పుకుంటూ..."

"సార్, బండ వదిలేస్తున్నాను."

"చివర్లో అన్నానా!"

"అన్నారు," అంది చిలక.

పట్టమ్మ ఒక్కో గోరే ఊడదీసుకుని, పక్కకి జరిగి, తన పేరున్న బండని చూస్తూ నిలబడింది. ఒక నేరేడు పండు తిని గింజ ఊసేంత సేపు.

బండ బోల్తా పడింది. విప్పిన పింఛంతో సహా పింఛారావు అయిదో మెట్టుకి తగిలి, నాలుగో మెట్టుని దాటి, దుంగ మీదుగా ఎగిరి, బురద మడుగులో పడ్డాడు. లేచి తోక విదిలించాడు. పక్కనే తీగ. తడి తోక, అందునా అంత పొడుగు తోక! అంత ఇష్టంగా ఆ తీగ ఇంతవరకూ దేన్నీ చుట్టుకోలేదు. పింఛారావు ఊయలలో పింఛారావు తలకిందులై ఊగాడు.

"కొమ్మయ్యా! దింపు!"

కొమ్మయ్య తల గోక్కున్నాడు. "తోక ఆరితే అదే వదిలేస్తుంది సార్."

"వాన పడుతుంటే ఎలా ఆరుతుందిరా?"

"దసరాకి వానలు తగ్గుతాయి సార్."

"దసరాకా! సవరించు దీన్ని!"

"తెలిసిన లోపమే కదా సార్. వచ్చే కూర్పులో చూద్దామన్నారు."

"చూద్దాం," అంది చిలక, తీగ మీద వాలి.

"పైగా మీరు వాకిట్లో అడుగు వేశారు సార్. చదివి ఒప్పుకున్నట్టు," అన్నాడు కొమ్మయ్య.

"ఎంతమందిరా ఇలా ఇరుక్కుంది?"

"ప్రస్తుతానికి ఒక్కరే సార్," అంది పట్టమ్మ, కుంటుకుంటూ దిగొస్తూ. "నూటికి నూరు."

"ఇప్పుడు! ఇప్పుడే! ఈ క్షణమే!" అని పింఛారావు అరిచిన అరుపుకి మూడు ఈకలు రాలాయి.

కొమ్మయ్య చెట్టు వెనక్కి వెళ్ళాడు. పాత తీగ అక్కడే చుట్ట చుట్టి ఉంది, ఎప్పుడూ అక్కడే ఉంది. కొత్తది కొరికి, పాతది కట్టాడు. సరిగ్గా ఒక నేరేడు పండు తిని గింజ ఊసేంత సేపు పట్టింది. నిజానికి ఆ పండు కూడా మధ్యలో అతనే తిన్నాడు.

"గులకరాళ్ళ ఫైలు సార్?" అంది పట్టమ్మ.

"పెట్టండి! పెట్టండి! అన్నీ పెట్టండి!" అన్నాడు పింఛారావు, నేల మీద వెల్లకిలా పడి, ఆకాశంలో మబ్బు కనపడకుండా కళ్ళు మూసుకుని.

సాయంత్రానికి పదకొండూ సవరించారు. కుందేళ్ళు తమ వంతు రాకుండానే ఊయల మార్చేశారని మర్నాడు మళ్ళీ బైఠాయించాయి, అది వేరే సంగతి. పట్టమ్మ మద్దిచెట్టు ఎక్కి తన గుర్తు తనే గీకేసింది. ఏడో మెట్టు ఆడి చూసి వచ్చి, అప్పుడు మళ్ళీ వేసింది.

పన్నెండో లోపం మాత్రం అలాగే ఉండిపోయింది. గంటకి నాలుక చేయించి తెస్తానని కొమ్మయ్య అంటే డిప్పయ్య ఒప్పుకోలేదు. "అది నా పేర రాయండి," అన్నాడు.

నీతి: సవరించలేని లోపమంటూ లోకంలో ఏదీ లేదు, అది సరైన తోకని పట్టుకోవాలంతే.